శుక్రవారం మీద దిష్టిచుక్క

దిష్టిచుక్క మేడమ్ అది, అన్నాడు భానుతేజ. పొద్దున ఫోన్లో విన్న మాట. కారెక్కినప్పుడు చెవిలో ఉంది, బర్కా రౌండెబౌట్ దగ్గరా ఉంది, సువైక్ దాటాక కూడా దిగలేదు. కాలవలో మునిగి లేచాక చెవిలో నిలిచిపోయే నీళ్ళలాగా, తల ఎటు వంచితే అటు జరుగుతోంది తప్ప బయటికి రావడం లేదు. మస్కట్ నుంచి బయల్దేరిన కంపెనీ కారు వెనకసీట్లో మంగళ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతులు చల్లగా ఉన్నాయి. ఏసీ తగ్గించమని డ్రైవరు ఖాదర్‌తో చెప్పాలనుకుంటుంది, మరిచిపోతుంది, మళ్ళీ చేతులు చల్లగా ఉన్నాయేమిటా అనుకుంటుంది. కుడివైపు ఖర్జూరపు తోటలు, వాటి వెనక ఎక్కడో సముద్రం. ఎడంవైపు మట్టిరంగు కొండలు. పని మీద ఎన్నోసార్లు వచ్చిన దారే. ఈ దారి చివర సోహార్‌లో ఒక మనిషి ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడు. తను వెళ్ళేసరికి ఉంటాడో ఉండడో. అతన్ని అక్కడికి తెచ్చింది ఒక దిష్టిచుక్క. ఆ దిష్టి ఎవరిదయ్యా అంటే, తనది.

ఎలా జరిగిందో వరసగా చెప్పుకుంటే మనసు కుదుటపడుతుందేమోనని మళ్ళీ మొదలుపెట్టింది. సోహార్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఉంది. కిడ్నీలు చెడినవాళ్ళకి వారానికి రెండుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేసే గది ఒకటి ఉంది అందులో. ఎవరు ఏ రోజు రావాలో ఇన్నాళ్ళూ సిస్టర్ చేత్తో రాసుకునేది. ఆ పనిని కంప్యూటర్లోకి ఎక్కించే కాంట్రాక్టు రూవీలో ఉన్న తమ కంపెనీకి వచ్చింది. ఎలా ఉండాలో ఆలోచించి కాగితం మీద పెట్టేది మంగళ. ప్రోగ్రాములు రాసేది హైదరాబాదులో, అమీర్‌పేటలో ఓ మేడమీద అద్దెగదిలో కూర్చున్న షైస్తా, భానుతేజ, ఇంకో ఇద్దరూ. వాళ్ళు టెలిఫోను తీగ మీద పంపినదాన్ని మంగళ పొద్దున్నే చూసేది, తప్పు కనిపించినచోట సున్నా చుట్టి ఫ్యాక్స్ చేసేది. ఆస్పత్రిలో ఆ గదికి సెలవు శుక్రవారం. మొన్న పంపినదాంట్లో సెలవు ఆదివారమని ఉంది. అంతే. ఒక వారం పేరు. దాంతో ఆదివారం రావలసినవాళ్ళందరినీ కంప్యూటరు శుక్రవారానికి జరిపి, ముచ్చటైన అక్షరాలతో కార్డులు అచ్చువేసి చేతికిచ్చింది. శుక్రవారం వచ్చినవాళ్ళు తాళం చూశారు. ఫోన్లున్నవాళ్ళు మర్నాడు ఫోన్లు చేస్తే సిస్టర్ వాళ్ళని ఆదివారమే రప్పించి గండం గట్టెక్కించింది. ఖబూరాలో బట్టలు కుట్టుకునే నసీరుద్దీన్‌కి ఫోన్ లేదు. కార్డులో తరవాతి తేదీ బుధవారమని ఉంది, అప్పుడే కాబోలని ఇంటికి పోయాడు. నిన్నరాత్రికి ఒళ్ళంతా నీరు పట్టి, పడుకుంటే ఊపిరాడక, గోడకానుకుని కూర్చునే తెల్లవార్చాడట. ఇవాళ మంగళవారం. లేదు, వరసగా చెప్పుకున్నా కుదుటపడలేదు. వరసగా చెప్పుకుంటే ఇంకా అధ్వాన్నంగా ఉంది. ఎక్కడా ఆగకుండా, నున్నగా, జారుడుబల్ల మీద జారినట్టు చివరికంటా పోతోంది.

కబురు తెలియగానే హైదరాబాదుకి ఫోన్ చేసింది. శుక్రవారం పనిచేసే రోజని ఎవరు రాశారు అని అడిగింది. ఎన్నిసార్లు చెప్పాను, ఇది మన దేశం కాదు, ఇక్కడ సెలవు శుక్రవారమని ఎన్నిసార్లు చెప్పాను. అవతల షైస్తా మాట్లాడలేదు. షైస్తా ఎప్పుడూ మొదట మాట్లాడదు. ఊపిరి వినిపిస్తుంది, తరవాత సరే మేడమ్ అంటుంది. ఈసారి సరే కూడా రాలేదు. ఫోన్ చేతులు మారింది. దిష్టిచుక్క మేడమ్ అది, అన్నాడు భానుతేజ. ఏమిటి? మీరు పట్టుకుంటారని పెట్టాం మేడమ్, ఎప్పుడూ పట్టుకుంటారు కదా. మళ్ళీ షైస్తా అందుకుంది. నెమ్మదిగా, చంటిపిల్ల నోట్లోంచి గుండీ తీసేటప్పుడు మాట్లాడినట్టు మాట్లాడింది. "ప్రతిదాంట్ల ఒకటి పెడ్తం మేడమ్. మీ కంటికి ఆనేటట్టు. మీరు దాన్ని పట్టుకుంటరు, తిడ్తరు, మిగిలింది వదిలేస్తరు. ఏం పెట్టకపోతే బాగున్నదాన్ని మార్పిస్తరు. మార్చినంక మళ్ల మొదటిదే బాగుందంటరు. అందుకని." అందుకని అన్న తరవాత ఆ పిల్ల ఏడుస్తోందేమో అనిపించింది గాని ఏడవలేదు. ఇప్పుడేమైంది మేడమ్, ఎవరికన్నా ఏమన్నా అయిందా, అని అడిగింది. మంగళ ఫోన్ పెట్టేసింది. జవాబు చెప్పకుండానే పెట్టేసింది.

చంటిపిల్లవాడికి బుగ్గ మీద నల్లచుక్క పెడతారు. చూసేవాళ్ళ కన్ను ముందు ఆ చుక్క మీద పడి, విరిగి, పిల్లవాడి జోలికి పోకుండా ఉండాలని. కూతురు విజేత పుట్టినప్పుడు తనే పెట్టింది, అరికాలికి కూడా పెట్టింది. పెట్టేటప్పుడు ఎవరి కన్ను అని పేరు పెట్టి ఎవరూ అనుకోరు. పక్కింటావిడ, తోటికోడలు, వీధిలో పోయే ఎవరో. అమీర్‌పేటలో నలుగురు పిల్లలు తాము రాసుకున్నదానికి చుక్క పెట్టి, పేరు పెట్టి అనుకున్నారు. మంగళా మేడమ్ కన్ను. ఎన్నాళ్ళుగానో. తను ఇక్కడ రూవీలో టేబుల్ లైటు కింద సున్నాలు చుడుతూ మురిసిపోయేది. ఇంత చిన్న తప్పు కూడా నా కన్ను దాటిపోదు అని భర్త విశ్వేశ్వరరావుతో అనేది. ఆయన పేపరు మడిచి, నీ కన్ను కన్నేనా అసలు, అనేవాడు. మెచ్చుకుంటున్నాడనుకునేది.

"మా కడప ఆయనే మేడమ్ ఆ టైలరు" అన్నాడు ఖాదర్ ఉన్నట్టుండి. అద్దంలో అతని కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. "నసీర్ మామ అంటాం మేం. నేనీడికి వచ్చిన కొత్తలో నాకు మొదటి ప్యాంటు ఆయనే కుట్నాడు. ఎవడో కంప్యూటర్లో తప్పు కొట్నాడంట. ఏసీలో కూర్చోని చేసే పనికి ఏం మాయరోగం మేడమ్ వాళ్ళకి? నేను బండి ఒక్క జానెడు అటు పోనిచ్చినానంటే, ఓనరు అర్బాబు పొద్దునకల్లా వీసా కొట్టేసి ఊరికి పంపిస్తాడు."

"రోడ్డు చూసి నడుపు ఖాదర్" అంది మంగళ.

"చూస్తానే ఉండా మేడమ్. మీరు చెప్పినప్పుడల్లా ఇంకోసారి చూస్తా."

అద్దంలో కళ్ళు నవ్వాయి. ఎప్పుడూ అనే మాటే, ఎప్పుడూ నవ్వే నవ్వే. ఇవాళ ఆ నవ్వు కొత్తగా తగిలింది. ఇతను కూడానా? రోజూ ఆఫీసు ముందు బండిని కాస్త వంకరగా ఆపుతాడు. తను దిగుతూ వంకరగా ఆపావు ఖాదర్ అంటుంది. సారీ మేడమ్ అంటాడు. మర్నాడు మళ్ళీ వంకరగానే. కావాలనేనా? బండి ఎందుకు కడగలేదు, పెట్రోలు ఎందుకు తగ్గింది అని అడక్కుండా కాస్త వంకర పడేస్తున్నాడా రోజూ, కుక్కకి ఎముక పడేసినట్టు? ఛ, ఏమిటీ ఆలోచన. కాని ఒకసారి మొదలయ్యాక ఆగుతుందా, పోగు దొరికిన స్వెట్టర్‌లాగా లాగేకొద్దీ వస్తోంది. విశ్వేశ్వరరావు ఉతికిన తువ్వాళ్ళు మడత పెడతాడు. అన్నీ పొందిగ్గానే ఉంటాయి, పైన ఒక్కటి మాత్రం అంచులు కలవకుండా. ఇన్నేళ్ళు వచ్చాయి, ఒక్క తువ్వాలు మడవడం రాదు మనిషికి, అని ఆ ఒక్కటీ విప్పి మళ్ళీ మడిచి లోపల పెడుతుంది తను. కిందివాటి జోలికి ఎప్పుడైనా పోయిందా? పోలేదు. అంత పెద్ద పెద్ద బిల్డింగులకి డ్రాయింగులు గీసే ఇంజనీరుకి తువ్వాలు అంచులు కలపడం రాదా? ఇంటికెళ్ళి అడగాలి. అడిగితే ఏమంటాడు. పేపరు మడుస్తాడు.

ఇక్కడే, సహం దారి మీదో మరెక్కడో కాదు, సరిగ్గా ఈ ఖబూరా రౌండెబౌట్ చుట్టూ కారు తిరుగుతుండగా, గంగులమ్మ గుర్తొచ్చింది. ఎన్నేళ్ళయింది గంగులమ్మని తలుచుకుని. రాజమండ్రిలో పెరట్లో నూతిపళ్ళెం మీద గొంతుక్కూర్చుని అంట్లు తోమేది. అమ్మ వచ్చి ఒక్కో గిన్నే ఎత్తి ఎండకి పెట్టి చూసేది. మసి కనిపిస్తే ఆ గిన్నె ఠంగున కింద పడేది. గంగులమ్మ అన్నిటినీ అద్దంలా తోమి, ఒక్క పాలగిన్నె అంచున మాత్రం నల్లటి చార ఉంచి, దాన్ని అన్నిటికన్నా ముందు బోర్లించేది. ఎందుకని అడిగింది తను, అప్పటికి రెండు జడల పిల్ల. "అమ్మగోరికి ఒకటి కనపడాలి గదమ్మా. ఏటీ కనపడకపోతే ఆయమ్మకి తోచదు, అన్నీ ఏసి మళ్ళీ తోమిత్తాది" అంది గంగులమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. నోటికి చెయ్యడ్డం పెట్టుకుని, అమ్మకి వినపడకుండా, చాలాసేపు నవ్వుకున్నారు. ఆ రహస్యం అమ్మకి తను ఎప్పుడూ చెప్పలేదు. అంటే తనకి తెలుసు. చుక్క సంగతి తనకి చిన్నప్పుడే తెలుసు, నూతిపళ్ళెం వైపు నుంచి తెలుసు. ఎప్పుడు లేచి వెళ్ళి అమ్మ పక్కన నిలబడింది? గిన్నె ఎత్తి ఎండకి పెట్టి చూడటం ఎప్పుడు మొదలుపెట్టింది? ఏ రోజున? గుర్తు రాలేదు.

రోడ్డు పక్క దుకాణాలు. కాఫీషాపు, టైర్ల షాపు, లాండ్రీ. ఖాదర్ వేగం తగ్గించి, చెయ్యెత్తి చూపించాడు. అదే మేడమ్. సగం దించిన షట్టరు. అద్దం వెనక తెల్లటి పొడుగు దిష్‌దాషా చొక్కాలు రెండు వేలాడుతున్నాయి, ఒకదానికి ఇంకా చేతులు కుట్టలేదు. చేతుల్లేని ఆ చొక్కా గాలికి ఇటు తిరిగి అటు తిరిగింది. మంగళ దాన్ని చూస్తూనే ఉంది. దుకాణం వెనక్కి పోయాక కూడా కళ్ళలో అదే వేలాడింది. కార్డు చేత పట్టుకుని ఈ దుకాణంలోంచే బయల్దేరి ఉంటాడు శుక్రవారం పొద్దున్నే, ఎవరి పికప్ బతిమాలుకుని ఎక్కాడో. జుమా నమాజు నాడు ఆస్పత్రేమిటని ఎవరన్నా అనే ఉంటారు. కార్డు చూపించి ఉంటాడు. చూడండి, అచ్చువేసి ఇచ్చారు.

మరి తను ఎందుకు చూడలేదు? అన్నిటినీ చూసే కన్ను ఆ ఒక్కసారి ఎందుకు చూడలేదు? అదీ అసలు సంగతి, అందుకే దాని చుట్టూ తిరుగుతోంది రౌండెబౌట్ చుట్టూ తిరిగినట్టు. కంపెనీవాళ్ళు ఈమధ్యే ఒక శిక్షణకి పంపారు. కుర్మ్‌లో ఓ హోటల్లో, పొడుగాటి ఇంగ్లీషాయన. పని అప్పగించాక దాని మీంచి చెయ్యి తియ్యండి, పక్కన నిలబడి మెడ సాచి చూడకండి, చూస్తే అది అప్పగించడమే కాదు అన్నాడు. అందరితోపాటు తనూ తలూపింది, ఇవన్నీ కబుర్లనుకుంది. ఇంటికొచ్చేసరికి విజేత స్కూలు ఫంక్షనుకి తయారై అద్దం ముందు నిలబడి ఉంది, రెండు జడలూ తనే వేసుకుంది. మంగళ చెయ్యి దానంతటదే వెళ్ళి ఒక జడ రిబ్బను లాగింది. కూతురు అద్దంలోంచి తన వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో. నువ్వు విప్పుతావని తెలుసమ్మా, అందుకే ఇవాళ పెందలాడే వేసుకున్నా, అంది. ఆ మాట ఎముకల్లోకి దిగింది. ఆ రాత్రే నిశ్చయించుకుంది, ఈసారి హైదరాబాదు నుంచి వచ్చినదాన్ని తెరవను, చూడను, వాళ్ళ మీద నమ్మకంతో వచ్చింది వచ్చినట్టు ఆస్పత్రికి పంపిస్తానని. పంపించేసింది. ఐదు ప్రోగ్రాములు. పంపించి, బాల్కనీలో కాఫీ పట్టుకుని కూర్చుంటే నోము తీర్చుకున్నంత హాయిగా ఉంది. ఎంత మారాను నేను అనుకుంది. ఎంత పెద్దమనసు చేసుకున్నాను అనుకుంది.

కాని చెప్పలేదు. షైస్తాతో ఆ మాట చెప్పలేదు. ఈసారి నేను చూడటం లేదమ్మా, మీదే బాధ్యత అని ఒక్క ముక్క. ఫోన్ పక్కనే ఉంది. ఒక్క ముక్క అని ఉంటే ఆ పిల్ల ఆదివారాన్ని తుడిచి శుక్రవారం పెట్టేది, వేళ్ళకి ఒక్క క్షణం పని. ఎందుకు చెప్పలేదు? మరిచిపోయానని చెప్పుకోవచ్చు. మంగళ కారు అద్దానికి నుదురు ఆనించింది. అద్దం వేడిగా ఉంది, లోపల ఇంత చల్లగా ఉన్నా. మరిచిపోలేదు. చూడటం లేదంటే వాళ్ళు అలుసు చేసుకుంటారనుకుంది. చూస్తుందేమోనన్న భయం వాళ్ళకి ఉండాలి, చూడలేదన్న గొప్ప తనకి ఉండాలి. రెండూ కావాలనుకుంది. పెత్తనం ఇచ్చినట్టూ ఉండాలి, తాళంచెవులు బొడ్లోనే ఉండాలి. తను నమ్మింది తన మనసులో, వాళ్ళు భయపడ్డారు వాళ్ళ మనసులో. మధ్యలో ఒక ముసలాయన పికప్ ఎక్కి, కార్డు పట్టుకుని, తాళం దాకా వెళ్ళొచ్చాడు.

సోహార్ చేరగానే ఫోన్ చెయ్యమన్నాడు ముర్తుజా, జనరల్ మేనేజరు. మస్కట్ పాత కుటుంబం మనిషి, కోపం వస్తే గొంతు తగ్గిస్తాడు. పొద్దున గొంతు దాదాపు వినపడలేదు. ఎవరు చేశారో నాకు పేరు కావాలి మంగళా, ఆస్పత్రివాళ్ళకి పేరు చెప్పాలి, పేరు చెప్పి ఆ మనిషిని తీసేశామని చెప్పాలి, లేకపోతే హైదరాబాదు గదికే తాళం పడుతుంది, అన్నాడు. షైస్తా అన్న రెండక్షరాలు చెబితే చాలు. అబద్ధం కూడా కాదు. చుక్క పెట్టింది ఆ పిల్లే, పెట్టించింది ఆ పిల్లే. మంగళ షైస్తాని ఒక్కసారే చూసింది. కిందటేడు సెలవులకి వెళ్ళినప్పుడు, అమీర్‌పేట మేడమెట్ల మీద ఎదురొచ్చి సలాం చేసి, మీరు ఫోన్లో ఇంకా పొడుగ్గా ఉంటరు మేడమ్, అని నాలుక కరుచుకుంది. ఇంట్లో పెళ్ళి చేస్తామంటే రెండేళ్ళు ఆగమని పోట్లాడి ఉద్యోగంలో నిలబడిందని భానుతేజ చెప్పాడు. పేరు చెబితే పెళ్ళి పీటల మీదికి పంపినట్టే. లేదా తన పేరు చెప్పాలి, నాదే తప్పు, వదిలెయ్యండని. అలా చెబుతున్నట్టు ఊహించుకుంది. బాగానే ఉంది. మరీ బాగుంది. బాల్కనీలో కాఫీ తాగినప్పటి హాయి మళ్ళీ ఎక్కడో కదిలేసరికి తన మీద తనకే రోత పుట్టింది. మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే నువ్వు పెద్దమనసు చేసుకుంటున్నావా మళ్ళీ.

ప్రతిదాంట్ల ఒకటి పెడ్తం మేడమ్. సహం దాటాక, రోడ్డు మీదికొచ్చిన మేకల కోసం ఖాదర్ బ్రేకు వేసినప్పుడు, ఆ మాటలో ఇంతసేపూ వినపడని ముక్క వినపడింది. ప్రతిదాంట్ల. మొన్న పంపింది ఐదు. ఐదింటిలో ఒక్కోటి. ఒకటి బయటపడింది, మనిషి మంచమెక్కాడు. మిగతావి ఇప్పుడు, ఈ క్షణాన, ఆస్పత్రి కంప్యూటర్లో కూర్చుని ఉన్నాయి. ఎక్కడ? మందుల జాబితాలోనా, రక్తం గ్రూపు పక్కనా? వెళ్ళి కూర్చుని వెతకాలి, రాత్రంతా వెతకాలి, నా కన్ను దాటి ఏదీ పోదు. పోదా? ఆ కన్ను ఇన్నాళ్ళూ పట్టుకున్నవన్నీ వాళ్ళు పట్టుకోమని పెట్టినవే. పెట్టని తప్పు ఒక్కటైనా పట్టుకుందా ఎప్పుడైనా? గుర్తు చేసుకుందామని చూసింది. సున్నాలు గుర్తొచ్చాయి, నల్లటి సున్నాలు, వందలు. వాటిలో తనది ఏది, వాళ్ళు ఉంచింది ఏది, ఇప్పుడు చెప్పగలవాళ్ళు ఈ భూమ్మీద నలుగురే, అమీర్‌పేటలో. ఏసీ తగ్గించు ఖాదర్, అంది చివరికి. తగ్గించి శానాసేపైంది మేడమ్, అన్నాడతను.

ఆస్పత్రి వరండాలో ఫినాయిల్ వాసన. గోడవారన బెంచీ మీద నల్ల బురఖా పైకి తోసుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఖాదర్ గబగబా ముందుకెళ్ళి, మామీ, ఎట్లుంది మామకి, అన్నాడు. ఆవిడే నసీరుద్దీన్ భార్య అక్తరీ బేగం. మంగళ అడుగు ముందుకి పడలేదు. ఆవిడ ముఖంలో జవాబు వెతికింది. చూసి చెప్పడం తన వృత్తి కదా, ఏమీ చదవలేకపోయింది.

"మిషన్ మీద వేసినారు నాయనా" అంది అక్తరీ బేగం. "రగతం కడగతా ఉండారు. ఇందాక కండ్లు తెరిచినాడు. తెరిచి ఏమడిగినాడో తెలుసునా, షట్టరు దించినావా అని. పానం పోయేటప్పుడు కూడా ఆయనకి షట్టరే." బురఖా అంచుతో కళ్ళు ఒత్తుకుంది. డాక్టరు గండం గడిచిందన్నాడని, ఇంక భయం లేదన్నాడని చెప్పింది. మంగళ బెంచీ చివర కూర్చుంది. ఈ మేడమ్ ఎవరని ఆవిడ అడిగింది. ఖాదర్, మా ఆఫీసు మేడమ్, అన్నాడు. కంప్యూటర్ ఆఫీసేనా? అవునంది మంగళ. ఆవిడ తిడుతుందని ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"తప్పు మాదేనమ్మా" అంది అక్తరీ బేగం. "శుక్రవారం తాళం ఉంటే, వాచ్‌మన్నన్నా గట్టిగా అడగొద్దా? నేను అంటానే ఉండా, జుమా రోజు యాడన్నా పిలుస్తారా అని. ఈయన నా నోరు మూయించినాడు. కంప్యూటర్ రాసిందే, నీకంటే తక్కువ తెలుసునా దానికి, అన్నాడు. దాన్ని పెద్ద చదువులోళ్ళు అన్నీ చూసి చూసి పంపిస్తారంట కదా." చేతిసంచీలోంచి పాత కార్డు తీసి ఇచ్చింది. సిస్టర్ చేత్తో రాసి కొత్తది ఇచ్చిందట, ఇది ఇంక పారెయ్యమందట. ముచ్చటైన అక్షరాలు. తనే ఎంచిన అక్షరాలు. మంగళ కార్డు పట్టుకుని కూర్చుంది. సిస్టర్ వచ్చి, ముర్తుజా సార్ రెండుసార్లు ఫోన్ చేశారు, మిమ్మల్ని వెంటనే చెయ్యమన్నారు, అంది.

వరండా చివర, కార్డు పెట్టి మాట్లాడే పబ్లిక్ ఫోన్ ఉంది. మంగళ ముందు ముర్తుజాకి చెయ్యలేదు. హైదరాబాదు తిప్పింది. మొదటి మోతకే షైస్తా ఎత్తింది.

"ఆయన బతికాడు" అంది మంగళ. అవతల ఊపిరి విడిచిన చప్పుడు, వెనక భానుతేజ గొంతు, క్యా హువా, క్యా హువా. "ఇప్పుడు నేను చెప్పేది విను. మొన్న పంపినవాటిని నేను చూడలేదు షైస్తా. ఒక్కటీ తెరవలేదు."

"అసలే చూడలేదా మేడమ్?"

"చూడలేదు. చూడనని మీకు చెప్పలేదు."

షైస్తా ఆ మాటే భానుతేజకి చెప్పేదాకా మంగళ ఆగింది.

"మిగతా చుక్కలు ఎక్కడున్నాయో మీకే తెలుసు. తియ్యండి. నువ్వు తీస్తే భానుతేజ చూడాలి, అతను తీస్తే నువ్వు చూడాలి. తీసేదాకా సిస్టర్ చేత్తోనే రాస్తుంది, ఆవిడతో నేను చెప్తాను."

"తీసినంక మీరొకసారి చూస్తరు కదా మేడమ్?"

చూస్తాను అన్న మాట నాలుక చివరకి వచ్చేసింది. పళ్ళ వెనక ఆగింది. "చూడను. ఇది మాటగా చెబుతున్నాను, విన్నావా? నా కంటికి మీరు పెట్టిందే కనపడుతుంది. అయ్యాక అయిందని చెప్పండి, చాలు."

అవతల కుర్చీ లాగిన శబ్దం, తలుపు మూసిన శబ్దం వినపడ్డాయి.

"అట్లయితే ఇంకోటి ఉంది మేడమ్" అంది షైస్తా. "అది మేం పెట్టింది కాదు. మీ ఫ్యాక్స్‌లనే ఉంది."

"ఏమిటది?"

"సెలవొస్తే ఖాళీ ఉన్న రోజుకు జరపమని రాసిన్రు. ఒకసారికి ఇంకోసారికి మధ్య ఎన్నిరోజులు దాటొద్దో రాయలేదు. శుక్రవారం సరిగ్గ పెట్టినా, ఈద్ సెలవులు వరసగా వస్తే ఎవరికో ఒకరికి ఇట్లనే అయితుండె మేడమ్. భానుతేజ ఎప్పుడో పట్టిండు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్దామని ఫోన్ చేసినం. మీరా రోజు స్క్రీన్ మీద స్పెల్లింగు గురించి మాట్లాడ్తున్నరు. మధ్యల నేను, మేడమ్ ఈ రూల్ ఒకసారి, అన్న. మీరు, నేను రాసింది రాసినట్టు చెయ్యండి చాలు, అన్నరు. ఆ స్పెల్లింగు కూడా మేం పెట్టిందే."

మంగళకి ఆ ఫోన్ గుర్తుంది. చేతిలో పెన్ను, ఆ అక్షరం చుట్టూ చుట్టిన సున్నా, సున్నా మీద మళ్ళీ సున్నా, కాగితం చిరిగేదాకా. మిషన్ దగ్గర కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆలోచించింది తను. కుర్చీలో కూర్చునే మనిషి ఎన్నాళ్ళు ఆగగలడో అడగలేదు. ముర్తుజాతో తన పేరు చెప్పడానికి దారంతా ఎంత ఆలోచించింది. ఒకళ్ళని కాపాడుతున్నానన్న మాట ఎంత ముద్దుగా దాచుకుంది లోపల. కాపాడటానికేమీ లేదు. పేరు అడిగాడు, పేరు ఉంది, తనదే. నిజం చెబితే సరిపోతుంది.

"మేడమ్? ఉన్నరా?"

"ఉన్నాను" అంది. నసీరుద్దీన్ పాత కార్డుని గోడకి ఆనించి వెనక్కి తిప్పింది. పెన్ను కోసం చెయ్యి చాపితే ఖాదర్ చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. "ఆ రూలు ఎలా ఉండాలో చెప్పు. నిదానంగా చెప్పు, రాసుకుంటున్నాను."

షైస్తా చెప్పింది. మొదట భయంభయంగా, తరవాత తడుముకోకుండా. మంగళ రాసింది. గోడ గరుకుగా ఉండి అక్షరాలు వంకర పోయాయి, దిద్దబోయి మానుకుంది. చివరి మాట రాశాక అవతల గొంతు మళ్ళీ మెత్తబడింది.

"రాసిన్రా మేడమ్? ఏమనుకోకండి. ఒక్కసారి చదివి వినిపియ్యండి, నేను సరి చూస్త."